నాలుగు రంగుల దయ్యాలు, కల్వర్టు మీద ఒక మనిషి

నేను ఖరగ్‌పూర్‌లో చచ్చినన్ని సార్లు ఇంకే ఊళ్లోనూ చావలేదు. పొద్దున టిఫిను అయ్యాక కాసేపు చచ్చేవాణ్ణి. మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగి, సైకిళ్ల వరద ఇళ్లకు పారి, మళ్లీ వెనక్కి పారి, రోడ్లు ఖాళీ అయ్యాక తీరిగ్గా ఇంకాసేపు చచ్చేవాణ్ణి. చచ్చిన ప్రతిసారీ నా కోసం ఒక బుల్లి ఏడుపు పాట వినిపించేది. సొంత మనుషులు కూడా అంత నమ్మకంగా ఏడవరు.

ఇదంతా పూరీ గేట్ దగ్గర ఒక రేకుల షెడ్డులో జరిగేది. ఎనభైల చివరి రోజులు. ఒక బెంగాలీ దాదా కలకత్తా నుంచి లారీ మీద ఓ ఆటపెట్టె తెప్పించాడు. దాన్ని దించడానికి ఊళ్లో సగం మంది కావలసి వచ్చారనీ, అది నేలకు తగలగానే ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో వంటింటి గిన్నెలు గలగలలాడాయనీ నేను అందరికీ చెబుతుంటాను. మొదటిది అబద్ధం. రెండోది నేను వినలేదు గానీ, జరిగే ఉంటుంది.

ఆట చూడ్డానికి పసిపిల్లలది. నల్లటి తెర మీద నీలం గోడల సందులు. సందుల నిండా మినపగింజలంత చుక్కలు. నోరు తప్ప ఇంకే అవయవమూ లేని ఒక పసుపు గుండు ఆ చుక్కలన్నీ తినుకుంటూ పోవాలి. దాన్ని పట్టుకోడానికి నాలుగు దయ్యాలు తిరుగుతుంటాయి: ఎర్రది, గులాబీది, నీలిది, నారింజది. మూలల్లో నాలుగు పెద్ద గోళీలుంటాయి. అవి మింగితే కాసేపు దయ్యాలే మనల్ని చూసి పారిపోతాయి. చేతికి ఇచ్చేది ఒక్క కర్ర. పైకి, కిందికి, పక్కలకి. ఇంత సులువైన ఆటలో నా అంత ఘోరంగా ఓడిపోయినవాడు ఆగ్నేయ రైల్వే మొత్తంలో లేడు. మొదటి పాట ఆగక ముందే ఎర్రది నా మెడ పట్టుకునేది. దాదా నాణెం పుచ్చుకుంటూ నావైపు జాలిగా చూసేవాడు. ఆ జాలి ఖర్చులు కూడా నా నాణేల్లోంచే వచ్చేవని ఇప్పుడు అనిపిస్తుంది.

నేనప్పుడు డిగ్రీ పూర్తి చేసి, రైల్వే పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా చిన్నాన్న క్వార్టర్‌లో మకాం పెట్టాను. చిన్నాన్న గూడ్స్ డ్రైవర్. ఆయన మీసం ఇంజనుకు ముందు పశువుల్ని పక్కకు నెట్టే కౌక్యాచర్ అంత వెడల్పు. గొంతుకు హారన్ అక్కర్లేదు. వీధి చివర నిలబడి "అన్నం పెట్టీ" అంటే మా వీధి మొత్తంలో ఆడవాళ్లు గరిటెలు తీసేవారు. అలాంటి మనిషి ఆ ఏడాది మాట్లాడ్డం మానేశాడు.

కారణం ఇదీ. ఒక వానాకాలపు సాయంత్రం, దక్షిణం లైన్ మీద, ఊరు దాటాక వచ్చే వంపులో ఒక కల్వర్టుంది. దాని మీద ఒక మనిషి గొడుగు వేసుకుని పట్టాలు దాటుతున్నాడు. వాన చప్పుడులో హారన్ వినిపించలేదు. నిండు బొగ్గుతో వెళ్లే గూడ్సు బండి బ్రేకు వేసిన చోట ఆగదు. ఎక్కడో, ఎప్పుడో ఆగుతుంది. ఆగే లోపల అయిపోయింది. విచారణలో చిన్నాన్న తప్పేం లేదని తేలింది. ఆ మనిషి ఎవరో మాత్రం తేలలేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ మావాడనలేదు. ఎవరూ వచ్చి తీసుకుపోలేదు.

ఆ తర్వాత చిన్నాన్న బండి ఆ కల్వర్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ మనిషి పట్టాల మీద నిలబడి కనిపించేవాడు. పక్కనుండే అసిస్టెంటు డ్రైవరుకు కనిపించడు. చిన్నాన్నకే కనిపిస్తాడు. చిన్నాన్న బ్రేకు వేసేవాడు. ఒకటికి పదిసార్లు, ఖాళీ పట్టాల మీద, నిక్షేపంగా వెళ్తున్న గూడ్సు కిర్రుమని ఆగిపోయేది. గార్డు దిగి వచ్చి చూసేవాడు. వెనక మెయిలు అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబడి ఏడ్చేది. కంట్రోల్ వాళ్లు ఫోనులో తిట్టేవారు. చివరికి ఆయన్ను బండి దించి, ఇంజన్ల షెడ్డులో చిల్లర పనులకు వేశారు.

నెలలు గడిచాక పై అధికారులు ఒక అవకాశం ఇచ్చారు. సెక్షన్ వదిలి చాలాకాలమైన డ్రైవరు మళ్లీ రోడ్ లెర్నింగ్ చేయాలి. అంటే ఇంకో డ్రైవర్ పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, సిగ్నళ్లు, వంపులు, ఎత్తుపల్లాలు అన్నీ మళ్లీ కళ్లతో బట్టీ పట్టాలి. అదయ్యాక ఇన్‌స్పెక్టర్‌ని పక్కన పెట్టుకుని తనే బండి నడపాలి. ఆ బండి కల్వర్టు దగ్గర ఊరికే ఆగిందా, చిన్నాన్న జన్మలో మళ్లీ ఇంజను ఎక్కడు. లాంప్ రూములో దీపాలు తుడుచుకోవాలి. ఈ సంగతి మా పిన్నికి తెలుసు, నాకు తెలుసు, వీధికి తెలుసు. ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక మధ్యాహ్నం నన్ను ఈడ్చుకు రమ్మని పిన్ని ఆయన్ను ఆటపెట్టె షెడ్డుకు పంపింది. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. నా చావు పనిలో నేనున్నాను. మూడుసార్లు చచ్చి వెనక్కి తిరిగితే మీసం కనబడింది.

"పద," అనాలి న్యాయంగా. అనలేదు.

"మల్లీ ఆడు," అన్నాడు.

ఆడాను. చచ్చాను.

"మల్లీ."

అలా రోజూ రావడం మొదలుపెట్టాడు. కర్ర ముట్టడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ముందుకు చాచి, అచ్చం ఇంజనులో నిలబడినట్టు నిలబడతాడు. దాదాకు ఇది నచ్చలేదు.

"డ్రైవర్ దాదా, ఆజ్ భీ ఖాలీ దేఖ్‌నా? ఊరికే చూడ్డానికి టికెట్ పెట్టీమంటావా?" అన్నాడు. తెలుగోళ్ల మధ్య పుట్టి పెరిగినవాడు, మూడు భాషల్లో సణుగుతాడు.

"రోడ్డు నేర్సకుండా బండి ముట్టుకోడం మా కాడ నేరం దాదా," అన్నాడు చిన్నాన్న.

"ఇది బండి కాదు, బాబా. ఆట."

"అలగైతే ఈడు సచ్చిపోతన్నాడేటి మరి?"

దాదా నాణేల డబ్బా ముందేసుకుని లెక్కపెట్టుకోసాగాడు. నేను అందులోకి ఇంకో నాణెం ఇచ్చాను.

కొన్నాళ్లకు చిన్నాన్న ఒక మాటన్నాడు. నా జీవితంలో దయ్యాల గురించి విన్న మాటల్లో అంత భయంకరమైనది ఇంకోటి లేదు. "నువ్వు నిన్న ఇదే మూలకాడ పోయినావు. మొన్నా ఇక్కడే. గులాబీది ఇక్కడికే వచ్చినాది. నువ్వు ఇలగ తిరిగితే అదలగే వస్తన్నాది. సూసుకున్నావేటి?"

నేను చూసుకోలేదు. పరీక్షించాం. మొదటి పాట ఆగగానే ఎడమకు, తర్వాత కిందికి, మళ్లీ ఎడమకు. నిన్న తిరిగినట్టే, ఊపిరి కూడా నిన్న పీల్చిన చోటే పీల్చి తిరిగాను. ఎర్రది నిన్న వచ్చిన సందులోంచే వచ్చింది. గులాబీది నిన్న కాపు కాసిన మలుపులోనే కాసింది. నా వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వీపు మీద నాకు వెంట్రుకలు లేవు, అయినా లేచాయి. దయ్యాలకు టైంటేబులుంది. మా రైళ్లకు లేనంత కచ్చితమైన టైంటేబులు.

అక్కడి నుంచి మేమిద్దరం ఆట నేర్చుకున్నాం. ఆట అంటే ఒక సెక్షన్. ఎర్రది మెయిలు, సూటిగా వెనకే వస్తుంది. గులాబీది మన ముందుకెళ్లి ఎదురు నిలబడుతుంది. నీలిదాని బుద్ధి దానికే తెలియదు. నారింజది పాసింజరు, దగ్గరికొచ్చి మనసు మార్చుకుని ఏదో లూప్‌లైనులోకి పోతుంది. మలుపు వచ్చాక కర్ర తిప్పితే గోడకు గుద్దుకుని క్షణం పోతుంది. అందుకని మలుపు రాకముందే చెయ్యి తిప్పేసి ఉంచాలి. పెద్ద గోళీ కనబడగానే మింగకూడదు. నాలుగూ వెనకపడే దాకా దాని పక్కనే తచ్చాడి, ఊపిరి మెడ మీద తగిలాక మింగాలి. మధ్యలో పండు కనబడితే ఆశపడకూడదు. నేను అప్పటిదాకా చచ్చినవాటిలో సగం చావులు పండు కోసమే.

ఇంకోటుంది. ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ప్రతి సిగ్నలూ పైకి చెప్పుకోవాలి. ఒకరు "గ్రీన్" అంటే రెండోవాళ్లు "గ్రీన్" అని తిరిగి అనాలి. ఒకరి కన్ను మోసం చేసినా ఇంకొకరి నోరు కాపాడుతుంది. చూసి నేర్చుకోవడం అయ్యాక చిన్నాన్న తనే కర్ర పట్టుకుని, నన్ను అసిస్టెంటును చేశాడు.

"ఎరుపు ఎనక," అని నేను.

"ఎరుపు ఎనక."

"గులాబీ పైన. కుడి సందు క్లియర్."

"కుడి సందు క్లియర్."

షెడ్డు బయట టీ తాగేవాళ్లు లోపల ఏదో ఎక్స్‌ప్రెస్ నడుస్తోందని గ్లాసులు పట్టుకుని వచ్చేవారు. మాకు ఇదే తగిన గౌరవం అనిపించేది. మేం చేసిన స్కోరు గురించి నేను చెప్పే అంకెలు ఏటేటా పెరుగుతున్నాయి కాబట్టి ఇక్కడ రాయను. తెర పై అంచు నుంచి అంకెలు బయటికి కారిపోయాయని మాత్రం అంటాను.

చాలా నెలల తర్వాత చిన్నాన్న ఆ షెడ్డులోనే నవ్వాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, టీ చల్లారుతుండగా, నావైపు చూడకుండా చెప్పాడు. "ఇయ్యి సెప్పి వస్తాయిరా. ఎక్కడికొస్తాయో ఎరికైనాక బయమేటుంది. ఆడూ అంతే గదా. కల్వట్టుకాడే వస్తాడు. ఇంకెక్కడా రాడు. సూసి, పలకరించి, ఎల్లిపోడమే."

"మరి బ్రేకెందుకు ఏస్తన్నావు, చిన్నాన్నా?" అన్నాను. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ వేసి ఉండరు.

ఆయన చల్లారిన టీ నేల మీద పారబోశాడు. "ఒకరోజు నిజం మనిషే నిలబడితే?"

ఆ మాటతో నాకు మొత్తం కనబడింది. ఆయన భయపడేది దయ్యానికి కాదు. దయ్యమే అనుకుని మనిషి మీంచి పోతానేమోనని. ఆగితే ఉద్యోగం పోతుంది. ఆగకపోతే, ఆగాల్సిన రోజు ఆగకపోతే, ఇక ఏదీ మిగలదు.

"అందుకేరా, నిన్ను సెప్పమంటన్నాను," అన్నాడు. "నా కల్లు నమ్మను. పక్కనోడు క్లియరంటే క్లియరే."

మర్నాటి నుంచి ఆట మారింది. చిన్నాన్న తెర వైపు చూడడం తగ్గించి నా గొంతు విని ఆడసాగాడు. కొన్ని మలుపుల దగ్గర కళ్లు పూర్తిగా మూసేసేవాడు. నేను "క్లియర్" అనే మాట అనడానికి ముందు నాలుగు సందులూ చూసి, మళ్లీ చూసి అనేవాణ్ణి. పరీక్షలకు చదివేటప్పుడు ఆ శ్రద్ధలో వందో వంతు ఉన్నా నేనిప్పుడు రైల్వే బోర్డులో ఉండేవాణ్ణి.

ఒక్కసారి మాత్రం తడబడ్డాం. నాకు తుమ్ము వచ్చింది. చిన్నాన్న చెయ్యి రవ్వంత ఆలస్యమైంది. అంతే, దారి మారిపోయింది. గులాబీది రావాల్సిన మలుపులో లేదు.

"గులాబీ?" అన్నాడాయన.

నేను వెతికాను. తెర రెండు పక్కలా ఒక సొరంగం ఉంటుంది. ఎడమ పక్క దూరితే కుడి పక్క తేలుతుంది. అది అందులో ఉన్నట్టుంది. "సొరంగంలో ఉన్నాది," అన్నాను.

"కనబడతందా?"

"నేదు."

ఆయన కర్ర మీంచి చెయ్యి తీసేశాడు. పసుపు గుండు గోడకు ఆనుకుని నోరు తెరుచుకుని నిలబడింది. వెనక నుంచి ఎర్రది వచ్చి తీసుకుపోయింది. ఏడుపు పాట మొదలైంది. ఆ పాట అయ్యేదాకా చిన్నాన్న సొరంగం నోటి వైపే చూస్తున్నాడు.

"సొరంగంలో ఉన్నంతసేపూ అదెక్కడున్నట్టురా?" అన్నాడు.

"ఏటో, పెట్టె ఎనకాలేమో," అన్నాను నవ్వించడానికి. ఆయన వంగి పెట్టె వెనక చూశాడు. దాదా కూడా చూశాడు. నేను చూడలేదు. చూడకపోవడానికి ధైర్యం కారణం కాదు.

రోడ్ లెర్నింగ్ ముగిసి, పరీక్ష బండి రోజు వచ్చింది. కాల్‌మాన్ వచ్చి తలుపు కొట్టి డ్యూటీకి పిలిచాడు. పిన్ని క్యారేజీ సర్దింది, తలుపు దాకా వెళ్లింది. నేను పక్కనుండి క్లియర్ అనలేను కదా అన్నదే నా బెంగ. ఆ రోజంతా నేనూ పిన్నీ ఏ హారన్ వినబడినా చేస్తున్న పని ఆపేశాం. మా ఊళ్లో హారన్లు ఆగే రోజుండదు కాబట్టి, ఆ రోజు ఇంట్లో ఏ పనీ కాలేదు.

మర్నాడు సాయంత్రం, పిన్ని దీపం పెడుతుండగా చిన్నాన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటైంది?" అంది పిన్ని.

"పాసే. ఇన్‌స్పెక్టరు కయితం రాసిచ్చినాడు."

నేను గెంతాను. ఎంత ఎత్తు గెంతానో చెబితే మీరు నమ్మరు. కానీ ఆయన బూట్లు విప్పడం లేదు. గోడలు చూస్తున్నాడు, మంచం కింద చూస్తున్నాడు.

"మరేటా మొకం?" అంది పిన్ని.

"ఆడు లేడే."

"ఎవుడు?"

"కల్వట్టుకాడ. అసిస్టెంటు క్లియరన్నాడు. నేనూ క్లియరన్నాను. కల్లు తెరిసి సూసినాను. లేడు. ఎల్లేటప్పుడు లేడు, వచ్చేటప్పుడు లేడు."

"మంచిదే కదా చిన్నాన్నా, పోయినాడు," అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఎన్నో ముఖాలను ఉన్నదానికి పదింతలు చేసి రాశాను. ఆ ముఖాన్ని పెంచడం నా వల్ల కాలేదు, తగ్గించడమూ కాలేదు. "అక్కడ లేడంటే, ఎక్కడున్నట్టురా?" అన్నాడు. "రేపు డ్యూటీకి పిలిస్తే ఎల్లను. ఎక్కడ నిలబడతాడో తెలీకుండా బండి తోలలేను. ఇన్నాల్లూ ఆ ఒక్క జాగానే. ఇప్పుడు లైనంతా ఆడిదే."

మా రోడ్ లెర్నింగంతా, మా సందులన్నీ, నా క్లియర్లన్నీ ఒక్క మాటతో చెదిరిపోయాయి. సాధించిన సెక్షన్ చేతిలో కాగితంగా ఉంది, మనిషి గుమ్మంలో ఉన్నాడు.

పిన్ని దీపం వత్తి సరిచేసి, చేతికంటిన నూనె జుట్టుకు రాసుకుంది. "ఎక్కడుంటాడు," అంది, కూరగాయలవాడు ఎక్కడున్నాడో చెప్పినంత మామూలుగా. "నీ ఇంజినెక్కి వచ్చీసుంటాడు. అన్ని నెల్లు ఎండలో వానలో నీకోసమే కదా నిలబడ్డాడు. ఆపినా ఆడిని రమ్మనకుండా ఎల్లిపోయీవోడివి. ఇయ్యాల ఆపనేదు, ఆడే ఎక్కీసినాడు."

"ఏటే, ఆ మాటలు."

"ఏ మాటలు. ఆడికెవులున్నారు? ఒక్కలు వచ్చినారేటి, ఒక్క ముద్ద పెట్టినారేటి. వచ్చినోడు వచ్చినాడు. లోపలికి రండి, తలుపేసీగలను, దోమలొస్తన్నాయి."

"రండి" అన్నది ఎందరినో నేను అడగలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి నాలుగు పళ్లేలు తెచ్చింది. మేం ఉన్నది ముగ్గురం. నాకూ గోడకూ మధ్య నాలుగోది వేసింది, అన్నం పెట్టింది, మీద ఆనపకాయ పులుసు పోసింది. చిన్నాన్న ఆ పళ్లెం చూసి బూట్లు విప్పాడు, కాళ్లు కడుక్కున్నాడు, వచ్చి కూర్చుని తినడం మొదలుపెట్టాడు. రెండోసారి అన్నం అడిగాడు. ఆయన గొంతుకు పక్క క్వార్టర్‌లో ఎవరో గరిటె తీసిన చప్పుడైంది.

మర్నాడు కాల్‌మాన్ పిలిస్తే వెళ్లాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు వెళ్లాడు. కల్వర్టు మీంచి వందల బళ్లు తోలాడు. ఒక్కసారీ ఊరికే ఆగలేదు. ఆడు ఇంట్లో ఉన్నాడు, లైన్ మీద లేడు. చిన్నాన్న లెక్క అంత సూటిగా ఉండేది. ఎవరైనా పట్టాల మీద కనబడితే ఇక అది నిజం మనిషే. బ్రేకు వేయడానికి సందేహించక్కర్లేదు. ఒకసారి అలా వేసి ఒక ముసలావిణ్ణీ ఆవిడ మేకనూ కాపాడాడు. మేకలు ఎన్నో నేను ఒక్కోచోట ఒక్కోలా చెబుతాను.

తొంభైల మొదట్లో షెడ్డులో పెట్టె పాడైంది. దాదా దాన్ని తుక్కుకు అమ్మేసి ఫోను బూత్ పెట్టాడు. నాకు ఎక్కడో ఉద్యోగం దొరికింది. దొరికేదాకా ట్రాఫిక్‌లోనే ఉన్నాను, ఆ నాలుగో పళ్లెం పక్కనే తిన్నాను. చిన్నాన్నకు లైను దొరికింది, నాకు దొరికింది ఆ పక్క చోటు. మొదట్లో అటు చూడకుండా తినేవాణ్ణి. తర్వాత అలవాటైంది. పొద్దున్న ఆ అన్నం పిన్ని పెరట్లో కాకులకు వేసేది. నేను దాని గురించి వేళాకోళం చేయాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. పక్క నుంచి ఒక రకం చల్లదనం తగిలి మూసేశాను. ఇది పెంచి చెప్పడం కాదు.

నేను ఊరు వదిలే ముందు ఒక సాయంత్రం. చిన్నాన్న లైన్ మీద ఉన్నాడు. నేనూ పిన్నీ మాత్రమే. నేను తింటున్నాను. ఆవిడ వేడి పులుసు గిన్నె పట్టుకుని వచ్చి, గోడ పక్క పళ్లెం ముందు వంగింది.

"కాస్త జరుగు నాయనా, సెయ్యి కాల్తాది," అంది.

నేను పళ్లెం లాక్కుని పక్కకు జరిగాను.

"నిన్ను కాదురా," అంది పిన్ని, పులుసు పోస్తూ.